ఆకాశం నుంచి దూకేవాడు ఏం తొడుక్కుంటాడు?



మొన్న మా వీధిలోని ఆరవ తరగతి కుర్రవాడొకడు పరుగెత్తుకుంటూ వచ్చి నన్నొక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ! సంపాతి సూర్యుడి దగ్గరకు ఎగిరితే రెక్కలు కాలిపోయాయని మా బామ్మ చెప్పింది. మరి విమానంలోంచి పారాషూటు కట్టుకుని దూకేవాళ్ళు ఉన్ని బట్టలూ, చేతొడుగులూ వేసుకుంటారెందుకు? పైకి పోయినకొద్దీ వేడెక్కాలి గదా?"

ప్రశ్న చిన్నదే గాని జవాబు చిన్నది కాదు. ఆ సాయంత్రం వాడికి చెప్పినదీ, అప్పుడు చెప్పటం మరిచిపోయినదీ కలిపి ఇప్పుడు మీకు చెబుతాను.

సూర్యుడి ఎండ గాలిగుండా వస్తుందే గాని, దారిలో ఆ గాలిని అట్టే వేడి చేయదు. ఎండ వచ్చి నేలను కాలుస్తుంది. నేల తనను అంటిపెట్టుకున్న గాలిని వేడి చేస్తుంది. అంటే మన గాలికి పొయ్యి పైన లేదు, కింద ఉన్నదన్నమాట! వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ గనక అది వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. నిండుగా గాలి కొట్టిన సైకిలు ట్యూబులోంచి గాలి వదిలేటప్పుడు వేలు అడ్డం పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది.

ఈ కారణాలచేత ఒక్కొక్క కిలోమీటరు పైకి పోయినకొద్దీ సుమారు ఆరున్నర సెంటిగ్రేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గిపోతుంది. ఇది ఋతువునుబట్టీ, చోటునుబట్టీ కొంచెం అటూ ఇటూ మారుతుంది గాని, మన లెక్కకు ఇది చాలు. సరదాకు దూకేవారు మామూలుగా నాలుగు కిలోమీటర్ల ఎత్తునుంచి దూకుతారు. నాలుగు ఆరున్నరలు ఇరవై ఆరు. నేలమీద 30 డిగ్రీలుంటే అక్కడ 4 డిగ్రీలే. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున నేలమీద 15 డిగ్రీలుంటే అక్కడ సున్నకు దిగువ 11. ఇక, నేలమీదనే నీరు గడ్డకట్టే చలిదేశాలలో దూకేవాడి సంగతి ఏమిటి? నేలమీద సున్న అయితే వాడు తలుపు తీసేసరికి సున్నకు దిగువ 26 డిగ్రీలు!

అంతటితో అయిపోతే బాగానే ఉండును. విమానంలోంచి బోర్లా దూకిన మనిషి వేగం మొదట క్షణక్షణానికీ పెరుగుతుంది. పది పన్నెండు సెకన్లలో గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. అప్పటికి ఎదురుగాలి అతన్ని పైకి నెట్టే బలమూ, అతని బరువూ సమానమవుతాయి గనక ఆపైన వేగం పెరగదు. ఆ వేగంతోనే, దూకింది మొదలు దాదాపు ఒక నిమిషం పాటు పడతాడు. గాలి కదలకపోయినా అతనికి మాత్రం అది గంటకు 200 కిలోమీటర్ల పెనుగాలే.

గాలికీ చలికీ ఉన్న స్నేహం నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పుష్యమాసపు ఉదయాలలో నాలుగు మైళ్ళు సైకిలు తొక్కి బడికి వెళ్ళేవాణ్ణి. నడిచి వచ్చే పిల్లలు హాయిగా ఉండేవారు. నా వేళ్ళు మాత్రం సుద్దముక్క పట్టుకోటానికి వంగేవి కావు. అందుకని మొదటి గంటలో పిల్లలచేత ఎక్కాలు చదివిస్తూ, చేతులు చంకలలో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మాస్టారికి ఎక్కాలంటే ఎంత ఇష్టమో అని వాళ్ళు అనుకునేవారు!

అలా ఎందుకు జరుగుతుందంటే, మన ఒంటి వేడి ఒంటిని ఆనుకున్న గాలిని కొంచెం వెచ్చబరుస్తుంది. ఆ వెచ్చని పొర కదలకుండా ఉంటే అదే మనకు దుప్పటి. గాలి వీస్తే ఆ పొర కొట్టుకుపోతుంది. ఒళ్ళు మళ్ళీ ఇంకొక పొరను వెచ్చబరచాలి, అదీ కొట్టుకుపోతుంది.

దీన్ని కొలిచి చూపినవాడు పాల్ సైపుల్ అనే అమెరికన్. ఇతను 1928లో, పందొమ్మిదేళ్ళ వయసులో, బాలభటుడుగా ఎంపికై, బర్డ్ అనే నాయకుడి వెంట దక్షిణ ధ్రువఖండానికి వెళ్ళాడు. ఆ తరువాత శాస్త్రజ్ఞుడై మళ్ళీ అక్కడికే వెళ్ళి, పాసెల్ అనే తోటివానితో కలిసి ఒక ప్రయోగం చేశాడు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీరు పోసి ఆరుబయట వేలాడదీశారు. గాలి ఎంత వేగంగా వీస్తే ఆ నీరు ఎంతసేపటికి గడ్డకడుతున్నదో గడియారం పెట్టుకుని చూశారు. అంతే! మీరూ నేనూ చేయగల ప్రయోగమే. కాకపోతే దక్షిణ ధ్రువఖండం కావాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం, సున్న డిగ్రీల గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీస్తే ముఖానికి సున్నకు దిగువ 7 డిగ్రీల చలిలాగా ఉంటుంది. సున్నకు దిగువ 25 డిగ్రీల గాలి అదే వేగంతో వీస్తే దిగువ 41 లాగా ఉంటుంది. దూకేవాడికి ఎదురయ్యే గాలి దానికి అయిదు రెట్లు. (గాలి ఎంత వీచినా ఏ వస్తువూ గాలికంటే ఎక్కువ చల్లబడదు. త్వరగా చల్లబడుతుంది, అంతే. ఈ తేడా పరీక్షలో చాలామంది తప్పు రాస్తారు.)

"మరి ఉల్కలు ఆకాశం నుంచి పడుతూ కాలిపోతాయి గదా?" అని మీరు అడగవచ్చు. ఉల్క ఒక్క సెకనులోనే పదుల కిలోమీటర్లు పోతుంది. మన దూకేవాడు సెకనుకు 55 మీటర్లు పోతాడు. ఆ వేగానికి వెచ్చదనం పుట్టదు, వణుకు పుడుతుంది.

ఇప్పుడు బట్టల సంగతికి వద్దాం. గొంగళి కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది గదా, మరి గొంగళిలో వేడి ఉన్నదా? లేదు. మంచుగడ్డను గొంగళిలో చుట్టిపెట్టండి. బయట పెట్టిన గడ్డకంటే ఆలస్యంగా కరుగుతుంది. మా చిన్నతనంలో సోడా దుకాణాలవాళ్ళు మంచుగడ్డలను రంపపు పొట్టులో కప్పిపెట్టేవారు. గొంగళి వేడిని ఇచ్చేది కాదు, వేడిని దాటనివ్వనిది. దాని ఉన్నిపోగుల మధ్య లక్షలాది చిన్న చిన్న సందులలో గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది. కదలని గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా పోతుంది. కాబట్టి మీరు కప్పుకునేది ఉన్ని అనుకుంటారు గాని, నిజానికి కప్పుకునేది గాలిని!

ఈ రహస్యం తెలిసినవాడు ఒకే మందపాటి కోటు వేసుకోడు. పొరమీద పొర వేస్తాడు. ఒంటికి తగిలే పొర చెమటను పీల్చి బయటకు పంపేది కావాలి. సన్నని ఉన్ని బనీనుగాని, అందుకోసం నేసిన కృత్రిమపు నూలు బనీనుగాని వేసుకుంటారు. దానిమీద గాలిని నిలవబెట్టే ఉన్ని స్వెట్టరు. అన్నిటికంటే పైన, గాలి దూరని నేతతో మెడనుంచి కాలిమడమ దాకా ఒకటే తొడుగు. ఈ పై పొర లేకపోతే లోపలి స్వెట్టరు ఎంత మంచిదైనా పెనుగాలి దాని సందులలో దూరి వెచ్చని గాలినంతా దోచుకుపోతుంది.

వేసవిలో మనకు ప్రాణం పోసే నూలు చొక్కా అక్కడ పనికిరాదు. నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. తడిబట్ట ఎంత చలి పుట్టిస్తుందో ఇంట్లోనే చూడండి. ఒకేరకమైన రెండు గ్లాసులలో గోరువెచ్చని నీరు సమంగా పోయండి. ఒకదానికి పొడిగుడ్డ, రెండవదానికి తడిపి పిండిన గుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాను కింద పెట్టండి. పావుగంట తరువాత రెండింటిలోనూ వేలు ముంచితే మీకే తెలుస్తుంది. అందుకనే దూకేవారు నేలమీద ఉండగానే అన్నీ బిగించుకుని చెమటలు పట్టించుకోరు. పై తొడుగు బొత్తాలూ, చేతొడుగులూ ఆఖరున పెట్టుకుంటారు.

పాదాల విషయంలో కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటున్నది. చలి అని రెండు జతల మేజోళ్ళు వేసి, ఇరుకు బూట్లలోకి పాదాన్ని బలవంతాన దూరుస్తారు. పాదం నొక్కుకుపోయి నెత్తురు సరిగా ఆడదు. మేజోళ్ళలోని గాలి కూడా అణిగిపోతుంది. ఒక జత వేసుకున్నవాడికంటే వీడికే ముందు కాళ్ళు మొద్దుబారుతాయి.

ఇదంతా ఒక ఎత్తు, చేతులు ఒక ఎత్తు. చలి ముదిరితే మన శరీరం ఒక పని చేస్తుంది. గుండె, మెదడు మొదలైన ముఖ్యమైన అవయవాలను కాపాడుకోటానికి చేతివేళ్ళకూ కాలివేళ్ళకూ పోయే నెత్తురును తగ్గిస్తుంది. రాజు కోటను కాపాడుకోటానికి పొలిమేర ఊళ్ళను వదులుకున్నట్టు! కాని దూకేవాడి ప్రాణం ఆ పొలిమేరలోనే ఉన్నది. పారాషూటు తెరిచే చిన్న పిడి సాధారణంగా వీపుమీది సంచీ అడుగున, నడుము వెనక ఉంటుంది. అది కంటికి కనపడదు. వేళ్ళతో తడిమి పట్టుకుని లాగాలి. వేళ్ళు మొద్దుబారితే పిడి దొరికిందో లేదో తెలియదు. మరీ మందమైన చేతొడుగు వేసుకున్నా అంతే, పిడికీ బట్ట మడతకూ తేడా తెలియదు.

వేళ్ళన్నీ ఒకే సంచీలో దూరే చేతొడుగు అన్నిటికంటే వెచ్చనిది, ఎందుకంటే వేళ్ళు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి. కాని దానితో పిడి పట్టుకోవటం కష్టం. అందుకని లోపల సన్నని పట్టు చేతొడుగూ, దానిమీద చేతికి అతికినట్టుండే తోలు చేతొడుగూ వేసుకోవటం మంచి ఉపాయం. కొత్త చేతొడుగులు కొన్నవాడు నేలమీదనే, సంచీ వీపుకు కట్టుకుని, చూడకుండా చేయి వెనక్కి పోనిచ్చి, పిడి పట్టుకోవటం పదేపదే అభ్యాసం చేయాలి. పిడి లాగనివారికోసం, ఫలానా ఎత్తుకు వచ్చినా ఇంకా వేగంగా పడుతూనే ఉంటే రెండవ పారాషూటును తనంతట తానే విప్పే యంత్రం ఇప్పుడు ఉన్నది. అయినా దానిమీద భారం వేసి ఎవరూ దూకరు.

పారాషూటు తెరుచుకున్నాక వేగం తగ్గుతుంది. ఇక చలి బాధ తీరిందనుకుంటారు. కాని అప్పుడు నాలుగైదు నిమిషాలపాటు రెండు చేతులూ తలపైకెత్తి, పారాషూటును తిప్పే తాళ్ళు పట్టుకుని ఉండాలి. ఎత్తిన చేతికి నెత్తురు ఎక్కటం కష్టం. దిగేసరికి వేళ్ళు సహకరించకపోతే కాళ్ళు విరగవచ్చు.

మెడకు వదులుగా ఉండే మఫ్లరు కట్టకూడదు. గాలికి విడిపోయి పిడిమీద పడితే ముప్పు. గొట్టంలా కుట్టిన ఉన్ని పట్టీని మెడలోకి దించుకుని ముక్కుదాకా లాక్కుంటారు. ముక్కు కప్పితే ఊపిరి పైకి తన్ని కళ్ళజోడుకు ఆవిరి పడుతుంది. కప్పకపోతే ముక్కు కొరుకుతుంది. ఈ తగాదా ఇంకా పూర్తిగా తీరలేదు.

మన దేశపు వీరవనిత ఒకరు ఇంతకంటే గడ్డు చలిలోకి దూకారు. పూనాకు చెందిన శీతల్ మహాజన్ 2004 ఏప్రిల్ 18న ఉత్తర ధ్రువంమీద 2,400 అడుగుల ఎత్తునుంచి దూకారు. అప్పుడక్కడ సున్నకు దిగువ 37 డిగ్రీలు. అదే ఆమె జీవితంలో మొట్టమొదటి దూకుడు!

ఇంత శాస్త్రం తెలియకముందు మంచి చలిబట్ట దొరికింది ఒక మురికి బట్టవల్ల. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలకు పైకప్పు ఉండేది కాదు. వైమానికులు తోలుకోట్లు తొడిగి కూడా గడగడ వణుకుతూ దిగేవారు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా యువకుడు ఒకనాడు ఇంజను బాగుచేసుకుంటూ ఉండగా హఠాత్తుగా ఎగరవలసి వచ్చింది. బట్టలు మార్చుకునే వ్యవధి లేక, నూనె మరకల పనిబట్టలతోనే ఎగిరాడు. దిగాక చూస్తే తక్కినవారంతా కొయ్యబారి ఉన్నారు. తాను మాత్రం వెచ్చగా ఉన్నాడు! ఇంకొకడైతే అదృష్టం అనుకుని ఊరుకునేవాడు. కాటన్ ఆ మురికి బట్టను పరీక్షగా చూశాడు. నూనె, గ్రీజు నేతలోని రంధ్రాలను మూసివేసి, లోపలి వెచ్చని గాలిని బయటకు పోనివ్వలేదని గ్రహించాడు. లోపల బొచ్చు, మధ్య గాలి దూరని పట్టు, పైన దట్టమైన నేత, ఇలా మూడు పొరలతో 1917లో ఒక తొడుగు కుట్టించాడు. అతని పేరుమీద దానికి "సిడ్‌కాట్ సూటు" అని పేరు వచ్చింది. బ్రిటిష్ వైమానికులు దాన్ని ఎన్నో ఏళ్ళు వాడారు.

రెండవ ప్రపంచ యుద్ధంనాటికి విమానాలు ఇంకా పైకి పోయాయి. బట్టలోనే విద్యుత్తు తీగలు కుట్టి వెచ్చబరిచే సూట్లు వచ్చాయి. కాని అమెరికావారి తొలి సూట్లలో తీగలన్నీ ఒకే వరుసలో కలిపి ఉండేవి. పందిట్లో దీపాల తోరణం ఒక్క బల్బు పోతే మొత్తం ఆరిపోవటం మీరు చూశారు గదా! ఒకచోట తీగ తెగితే సూటంతా చల్లబడేది. తరువాత వాటిని విడివిడి దారులలో కలపటం నేర్చుకున్నారు.

ఇక అందరికంటే పైకి పోయినవారి సంగతి. 1960 ఆగస్టు 16న అమెరికాలోని న్యూమెక్సికోలో, జోసెఫ్ కిట్టింజర్ అనే వైమానిక దళపు కెప్టెను హీలియం బెలూనుకు వేలాడే తెరిచిన బుట్టలో కూర్చుని పైకి లేచాడు. ఎంతో ఎత్తున విమానం వదిలి దూకవలసి వచ్చినవారు బతకగలరా అని తేల్చటం అతని పని. ఒంటిమీద పొరమీద పొర. బట్టలూ సామానూ కలిపి ఇంచుమించు ఇంకొక మనిషి బరువు. అక్కడ చలి ఒక్కటే శత్రువు కాదు. 19 కిలోమీటర్లు దాటితే గాలి ఒత్తిడి ఎంత తక్కువంటే, ఒంటి వేడికే నీరు మరుగుతుంది, ఒళ్ళు ఉబ్బుతుంది. అందుకని ఒంటిని బిగించి పట్టే ప్రత్యేకమైన సూటూ, చేతొడుగులూ తొడిగారు.

సుమారు 13 కిలోమీటర్ల ఎత్తున అతను గమనించాడు, కుడిచేతి తొడుగు బిగుసుకోవటం లేదు! కింద ఉన్నవారికి చెబితే దిగిపొమ్మంటారని చెప్పకుండా ఊరుకున్నాడు. (నా బడిలో పిల్లవాడైతే పిలిచి గట్టిగా మందలించేవాణ్ణే.) చేయి వాచి రెండింతలై పనికిరాకుండా పోయింది. గంటన్నరలో 31 కిలోమీటర్లు ఎక్కి, పది పన్నెండు నిమిషాలు వేచి, ఆ చేతితోనే బుట్ట అంచుకు వచ్చాడు. అక్కడ గడపకు "ప్రపంచంలోకెల్లా ఎత్తైన మెట్టు ఇది" అన్న పలక తగిలించి ఉన్నది. దూకాడు. తిరగకుండా నిలబెట్టే చిన్న పారాషూటుతో 4 నిమిషాల 36 సెకన్లు పడ్డాడు. దారిలో సున్నకు దిగువ 70 డిగ్రీల చలిలోంచి, గంటకు 988 కిలోమీటర్ల వేగం దాకా పోయాడు. పారాషూట్లు వాటంతటవే విప్పుకునే ఏర్పాటు ఉండబట్టి కుడిచేయి అక్కరకు రాకపోయినా బతికాడు. దూకిన 13 నిమిషాల 45 సెకన్లకు నేలమీద ఉన్నాడు. కొన్ని గంటలకు చేయి మామూలుగా అయింది.

అతని రికార్డును 2012 అక్టోబరు 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అనే ఆస్ట్రియా దేశస్థుడు దాటాడు. 39 కిలోమీటర్ల ఎత్తునుంచి దూకి, ధ్వనికంటే వేగంగా పడ్డాడు. అతను పైకి పోతూ ఉండగా ముఖానికున్న అద్దం వెచ్చబడక ఆవిరి పట్టసాగింది. దిగిపోదామా అని కూడా ఆలోచించారు. అప్పుడు రేడియోలో అతనికి ధైర్యం చెబుతూ మాట్లాడినది ఎవరో తెలుసునా? 84 ఏళ్ళ కిట్టింజరే!

రెండేళ్ళ తరువాత, 2014 అక్టోబరు 24న, ఆలన్ యూస్టేస్ అనే కంప్యూటరు ఇంజనీరు 41 కిలోమీటర్ల పైనుంచి దూకాడు. అతని చిక్కు విచిత్రమైనది. ఆ ఎత్తున గాలి నేలమీది గాలిలో నూరోవంతు కూడా లేదు. వేడిని మోసుకుపోయే గాలి లేకపోతే చలి ఎంత ఉన్నా ఒంటి వేడి ఎక్కడికి పోతుంది? థర్మాస్ ఫ్లాస్కు రెండు గోడల మధ్యా గాలి లేనందువల్లనే కాఫీ వెచ్చగా ఉంటుంది. యూస్టేస్ ఆ ఫ్లాస్కులోని కాఫీ అయ్యాడు! కదిలితే వేడెక్కుతాడు గనక, రేడియో మీట నొక్కటానికి చేయి కూడా ఎత్తలేదు. కిందివారు అడిగినదానికి "వినపడింది" అని ఒక కాలు కొంచెం కదిలించి చెప్పేవాడు.

ఇంతవరకు విని మా కుర్రవాడు, "అయితే మాస్టారూ, సంపాతి చలికి గడ్డకట్టి ఉండాలి గదా!" అన్నాడు. నేను వాడికి పెద్దబాతుల సంగతి చెప్పాను. తలమీద నల్లపట్టీలుండే ఒక జాతి పెద్దబాతులు చలికాలంలో హిమాలయాలు దాటి మన దేశపు చెరువులకు వస్తాయి. అవి 7 కిలోమీటర్లకు పైన కూడా ఎగిరినట్టు శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. వాటి పై ఈకలు గాలి దూరనివ్వవు, కింది మెత్తని నూగు గాలిని నిలవబెడుతుంది. కాటన్ కుట్టించిన తొడుగు వాటికి పుట్టుకతోనే ఉన్నది.

వాడు బామ్మకు చెప్పటానికి పరుగెత్తాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. "మాస్టారూ, బామ్మ అడగమంది. ఒంటికి ఈకలున్నాయి సరే, బాతు కాళ్ళకు మేజోళ్ళు లేవు గదా, అవెందుకు గడ్డకట్టవు?"

మీరూ ఆలోచించండి. వచ్చే నెల చెబుతాను.